చదివాను, సరే

ఫిబ్రవరి 9

అన్నయ్య ఈ రోజు మళ్ళీ తన కుర్చీలో కూర్చున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇదే మొదటిసారి. వదిన వీపు వెనక దిండు పెట్టింది. తీసి కింద పడేశాడు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పక్షవాతం మాటల్నీ కుడిచేతినీ పట్టుకుపోయింది కానీ మొండితనాన్ని ముట్టుకోలేదు.

కుడిచెయ్యి ఒళ్ళో పడేసుకుని ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టాడు. సాయంత్రానికి కోడ్‌లో ఒక చిన్న మార్పు రాసి పై వాటాలో ఉన్న నాకు పంపాడు. తీరిక వేళల్లో సొంతంగా ఒక కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటున్న మా జట్టులో ఉన్నదే నలుగురం. ఎవరు రాసినా ఇంకొకరు చదివి కింద "చదివాను, సరే" అని పెడితే తప్ప ఒక్క లైను కూడా మా సిస్టమ్‌లోకి వెళ్ళదు. ఆ నియమం పెట్టింది మా నలుగురిలో పెద్దాయన. ఆయన రాసినా అంతే. డిస్కు మీద ఫైళ్ళు దాచే భాగం, అన్నయ్య రాసిన ఫైల్ సిస్టమ్, చదివేది మాత్రం నేనొక్కదాన్నే. మిగతా ఇద్దరికీ దాని జోలికి రావాలంటే హడలు.

చదివాను. రెండు చోట్ల దొర్లింది. కలపాల్సిన చోట తీసేశాడు, ఒక పేరు తప్పు కొట్టాడు. సరిచేసి, సరే అని పెట్టి పంపేశాను. ఆ మాత్రం ఎవరికైనా దొర్లుతాయి, నాకు రోజూ దొర్లుతాయి. దానికోసం వెనక్కి పంపి మళ్ళీ ఆ ఎడమచేత్తో కొట్టించడం ఏం బాగుంటుంది.

ఫిబ్రవరి 12

అన్నయ్య బాగా రాశాడు. ఒక్క చోటే సరిచేశాను.

ఫిబ్రవరి 17

మాటలు నేర్పే అమ్మాయి వచ్చింది. చెంచా బొమ్మ చూపిస్తే అన్నయ్య "తాళం" అన్నాడు. గొడుగు చూపిస్తే చాలాసేపు చూసి "తాళం" అన్నాడు. తాళం చూపిస్తే ఏమీ అనలేదు. ఇంకో నాలుగు బొమ్మలయ్యాక విసుగొచ్చి "వెధవ గోల" అన్నాడు, ఎక్కడా తడబడకుండా. తిట్లు బుర్రలో వేరే చోట ఉంటాయట, అవి అంత తొందరగా పోవట. వదిన నవ్వింది, నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

గుమ్మం దాకా వెళ్ళి ఆ అమ్మాయిని అడిగాను, కోడ్ కూడా అలాగే వేరే చోట ఉంటుందేమో అని. ఉండొచ్చండీ అంది. నన్ను నొప్పించడం ఇష్టం లేక అందని తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ఉంటుందనే నమ్మకం.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఆఫీసు లేదు. పొద్దున్నే కిందికి దిగి అన్నయ్య పక్కన కూర్చున్నాను. తను పాత కోడ్ తిప్పుతూ ఉన్నాడు. చదువుతున్నాడో, ఊరికే చూస్తున్నాడో తెలియలేదు.

అన్నయ్య ఫైల్ సిస్టమ్‌కి గూడు అని పేరు పెట్టింది నేనే. గోడలో ఉండే గూడు, చేతికందే చోట వస్తువులు పెట్టుకునేది. అప్పటికి అన్నయ్య ఒక్కడే రాస్తున్నాడు, నేను ఇంకా కోడ్‌లో అక్షరాలు దిద్దుకుంటున్నాను. మా సిస్టమ్ వాడేవాళ్ళందర్నీ పోగేసినా ఒక సినిమా హాల్లో పట్టేస్తారు, వాళ్ళకోసం ఇంత అవస్థ ఎందుకని అడిగాను. ఒక్కడే ఉన్నా వాడు దాచుకున్నది పోకూడదు కదే అన్నాడు. గూడు ఎప్పుడూ పాతదాన్ని చెరిపి దానిమీద రాయదు. కొత్త చోట రాస్తుంది, అది నిలబడిందో లేదో చూసుకుంటుంది, ఆ తర్వాతే పాతది వదులుతుంది. మధ్యలో కరెంటు పోయినా మనిషి సొత్తు ఎక్కడో ఒక చోట భద్రంగా ఉంటుంది. ఇంత చిన్న సంగతికి తన జీవితంలో సగం పెట్టాడు.

నేను రాసిన మొదటి మార్పును తను ఎన్నిసార్లు తిప్పికొట్టాడో. ఒకసారి తన ముందే కూర్చుని ఏడ్చేశాను. "ఏడుపయ్యాక ఆ మూడో లైను చూడు" అన్నాడు. అయ్యాక చూశాను. అక్కడే తప్పు.

మార్చి 4

ఈ రోజు పంపినదాంట్లో సగం నేను మళ్ళీ రాశాను. ఆలోచన మాత్రం అన్నయ్యదే. ఆలోచనే కదా ముఖ్యం.

మార్చి 8

అన్నయ్య బాగా రాశాడు.

మార్చి 14

బాగా రాశాడు అని పెట్టబోయి ఆగాను. ఈ డైరీ ఎవరూ చూడరు, నాకు నేనే కోతలు కోసుకోవడం ఎందుకు. ఈ రోజు తను పంపినదాంట్లో తనదని మిగిలింది పైన ఉన్న పేరు ఒక్కటే.

మార్పు సిస్టమ్‌లోకి వెళ్ళాక తను మళ్ళీ తిరగేసి చూడడు. రాయడం కన్నా చదవడమే కష్టంగా ఉంది తనకి, ఒక పేజీ చదివేసరికి నుదురు పట్టుకుంటాడు. నేను మెట్ల మీద నుంచే "సరే అన్నయ్యా, పెట్టేశాను" అంటాను. తను ఎడమచెయ్యి ఎత్తుతాడు. అంతే.

మార్చి 19

వదిన మెట్ల దగ్గర కాపు కాసింది. "మీ అన్నయ్య చేస్తున్నది పనికొస్తోందా చిట్టీ? నాకవేవీ తెలియవు, నువ్వు చెబితేనే తెలిసేది" అంది. బ్రహ్మాండంగా ఉందన్నాను. పొద్దున లేస్తూనే ఆ కుర్చీ కోసమే చూస్తున్నారని, అదీ లేకపోతే మనిషి ఏమైపోయేవారో అని అంది. చేతిలో ఆయన చొక్కా ఉంది, దాని బొత్తాలు తీసేసి అతికించే పట్టీలు కుడుతోంది, ఒక్క చేత్తో వేసుకోవడానికి వీలుగా. ఇంకేం చెప్పను నేను.

మార్చి 27

నలుగురం ఫోన్లో కలిశాం. అన్నయ్య వింటూ కూర్చున్నాడు.

గూడు సంగతి గడ్డం లేవదీశాడు. నెట్‌వర్క్ పని చూసే అతన్ని మేం గడ్డం అనే పిలుస్తాం, అతను దాన్ని తీసేసి ఏళ్ళయినా. వచ్చే రిలీజులో గూడు తీసేసి, బయట అందరూ వాడుతున్న ఫైల్ సిస్టమ్ తెచ్చి పెడదామన్నాడు. ఒక్క మనిషికే తెలిసినదాని మీద జనాల ఫైళ్ళు పెట్టడం తప్పన్నాడు. అన్నయ్య వింటున్నాడని తెలిసి కూడా, నీళ్ళు నమలకుండా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండిందే కానీ, అతనన్నది అబద్ధమని చెప్పలేను.

పెద్దాయన అడ్డం పడ్డాడు. ఈ నెలన్నరలో అన్నయ్య పేరు మీద వెళ్ళిన మార్పులన్నీ చదివి వినిపించాడు. మనిషి మళ్ళీ నిలదొక్కుకుని ఇంత పని చేస్తుంటే ఇప్పుడు తీసేయడమేమిటి అన్నాడు. ఆయన గొంతు కూడా కాస్త బరువెక్కింది. గడ్డం ఇంక మాట్లాడలేదు. గూడు ఉంటుంది.

ఫోన్ పెట్టేశాక అన్నయ్య ఎడమచేత్తో నా తలమీద మొట్టాడు, చిన్నప్పుడు మొట్టినట్టే. నా కడుపు నిండిపోయింది. అన్నం కూడా తినకుండా పైకి వచ్చేశాను.

ఏప్రిల్ 7

కొన్నాళ్ళుగా అన్నయ్య ఒకే మార్పు పట్టుకుని కూర్చున్నాడు. ఈ రోజు పంపాడు.

గూడులో ఒక ఫైలు చెరపాలన్నా ముందు కొత్త చోట ఏదో కాస్త రాసుకోవాలి. అందుకని డిస్కు పూర్తిగా నిండిపోకుండా కొంత ఖాళీ ఎవరికీ ఇవ్వకుండా పక్కన దాచుకుంటుంది. కొత్తగా వస్తున్న పెద్ద డిస్కులకి ఆ లెక్క చాలడం లేదు. దాన్ని మార్చాడు.

ముందు బాగానే ఉంది, నిజంగానే బాగుంది. చివర్లో మాత్రం ఒకే అంకెను రెండుసార్లు కలిపాడు. పక్కపక్కనే, ఒకదాని కింద ఒకటి. పాపం, కొట్టానని మరిచిపోయి మళ్ళీ కొట్టి ఉంటాడు. ఒకటి తీసేశాను.

ఇక్కడ రెండుసార్లెందుకు అని వెళ్ళి అడగొచ్చు. అడిగితే మాట కోసం వెతుక్కుంటాడు, అది దొరకదు, పెదవులు కదులుతూనే ఉంటాయి, చివరికి తల దించేసుకుంటాడు. ఆ మొహం నేను చూడలేను. అడగలేదు.

చదివాను, సరే.

మే 3

రిలీజు బయటికి వెళ్ళింది. వదిన అందరికీ టీ పెట్టింది. అన్నయ్య కప్పు ఎడమచేత్తోనే పట్టుకుని, ఒలకబోసుకోకుండా తాగాడు.

మే 18

ఒక పశువుల డాక్టరు మెయిల్ రాశాడు. ఆయన ఆసుపత్రిలో మా సిస్టమే వాడుతున్నాడు. మొన్న డిస్కు నిండిపోతే, చోటు చేద్దామని పాత ఎక్స్‌రేలు చెరిపాడట. మధ్యలోనే మిషను నిలబడిపోయింది. మళ్ళీ తెరుచుకోవడం లేదు. బ్యాకప్ ఉంది కానీ బాగా పాతది. ఏ జంతువుకి ఏ మందు పడదో, దేనికి ఏ ఆపరేషను జరిగిందో అన్నీ అందులోనే ఉన్నాయట. నిన్న ఒక కుక్కను పట్టుకుని ఒక ముసలావిడ వస్తే, దానికి కిందటిసారి ఏ మత్తు పడలేదో గుర్తు రాక తిప్పి పంపేశాడట.

ఒక్క మాట కూడా కటువుగా రాయలేదు. పోయినవి ఎలాగూ పోయాయి, ఇంకెవరికీ ఇలా కాకుండా చూడండి అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మే 19

గడ్డం రాత్రంతా వెతికి పట్టుకున్నాడు. పక్కన దాచుకునే ఖాళీ చాలలేదు. గూడులో ఏది ఎక్కడుందో చెప్పే మూలపట్టిక ఎప్పుడూ రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలని. రెండూ కొత్త చోట రాయాలంటే రెండింటికీ చోటు దాచాలి. కోడ్ ఒక్కదానికే దాస్తోంది. ఒకే అంకెను రెండుసార్లు కలపాల్సింది, ఒకసారే కలిపి ఉంది.

ఏప్రిల్ 7 నాటి మార్పు. రాసినవారు: అన్నయ్య. చదివినవారు: నేను.

తను సరిగ్గానే రాశాడు. ఇన్నాళ్ళలో పూర్తిగా సరిగ్గా రాసింది అదొక్కటే, దాన్నే నేను పాడుచేశాను.

మే 20

పెద్దాయన ఫోన్ చేశాడు. ఆయనకి చెప్పడానికి మనసు రావడం లేదు, దగ్గుతున్నాడు, సర్దుకుంటున్నాడు. తప్పు అన్నయ్యది కాదు, జబ్బుదన్నాడు. నొప్పి తగలకుండా నువ్వే నచ్చజెప్పి పక్కకి తప్పించమన్నాడు. అలాగే అన్నాను.

మే 21

చెప్పలేదు. ఎవరికీ, ఏదీ.

మే 23

ఆఫీసు నుంచి వచ్చేసరికి అన్నయ్య నాకోసం చూస్తున్నాడు. స్క్రీన్ మీద డాక్టరు మెయిలూ, దాని పక్కన ఏప్రిల్ 7 మార్పూ ఉన్నాయి. ఆ కాస్తా చదవడానికి తనకి పొద్దుటి నుంచీ పట్టిందని వదిన చెప్పింది.

ఆ లైను మీద వేలు పెట్టాడు. తర్వాత రెండు వేళ్ళు చూపించాడు. "రెండు" అన్నాడు. "రెండు... రాశా."

అవునన్నాను. ఒకటి నేను తీసేశానన్నాను.

పాత మార్పులు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. మార్చి, ఫిబ్రవరి. తన పేరున్న ప్రతి మార్పూ తెరిచి, కిందికి జరిపి చూశాడు. చదవక్కర్లేకపోయింది. తన చేతిరాత తెలిసినట్టే తన కోడూ తెలుస్తుంది కదా.

"నాది కాదు" అన్నాడు. ఇంకోటి తెరిచాడు. "నాది కాదు." ఇంకోటి. "నాది కాదు."

ఎప్పుడూ మధ్యలో చిక్కుకుపోయే గొంతు, ఈ రెండు మాటల దగ్గర చిక్కుకోలేదు. వదిన గుమ్మంలో నిలబడి ఏమైందని నన్ను అడుగుతోంది.

మే 24

అందరికీ రాసేశాను. ఫిబ్రవరి నుంచీ ఏం జరిగిందో, మొత్తం. డాక్టరుకు విడిగా రాశాను. ఆ లైను మళ్ళీ పెట్టాను, ఈసారి గడ్డం చదివాడు, ఆరుసార్లు ప్రశ్నలు వేసి మరీ సరే అన్నాడు. తర్వాత నాకు ఒక్కదానికే రాశాడు. "మనం చదివేది మనిషిని కాదు, రాసినదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత నీకిది నేను చెప్పాలా?" పెద్దాయన ఆ డాక్టరు డిస్కు తనకి పంపించమని రాశాడు.

వదినకి కూర్చోబెట్టి చెప్పాను. ఆవిడ కుట్టుకుంటున్న చొక్కా పక్కన పెట్టి, "ఇదంతా మీ అన్నయ్య కోసం చేశావా, నీకోసం చేసుకున్నావా?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకోవాలనే అడిగింది.

నాకోసమే. తను చెప్పడం, నేను నేర్చుకోవడం, అది తప్ప అన్నయ్యతో ఇంకోలా ఉండడం నాకు చేతకాదు. తనకంటే నాకు ఎక్కువ తెలిసిన రోజు రాకూడదనుకున్నాను. ఆవిడకి ఇదంతా చెప్పలేదు, నాకోసమే అని మాత్రం అన్నాను.

మే 30

అన్నయ్య నాతో మాట్లాడడం లేదు. మాటలే రాని మనిషి మాట్లాడడం మానేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకుంటాం. తెలుస్తుంది. నేను గదిలోకి వెళితే ఎడమచెయ్యి ఒళ్ళోకి తీసుకుంటాడు.

జూన్ 2

డాక్టరు డిస్కులోంచి పెద్దాయన కొన్ని బయటికి తీయగలిగాడు. ఎక్స్‌రేలు వచ్చాయి. రాతలు చాలావరకు రాలేదు.

జూన్ 9

పొద్దున కీబోర్డు చప్పుడు వినిపించింది. ఒక్కో అక్షరం, మధ్యలో ఆగి, ఇంకో అక్షరం. మళ్ళీ మొదలుపెట్టాడు. నాకు చెప్పలేదు, ఫరవాలేదు. మెట్ల మీద కూర్చుని కాసేపు విన్నాను.

జూన్ 16

రోజూ రాస్తున్నాడు. పెద్దదే రాస్తున్నాడు. గూడుని నిలబెట్టడానికే అయి ఉంటుంది, ఆ రెండు ప్రతుల లెక్క ఇంకెవరూ పాడుచేయలేనట్టు కట్టుదిట్టం చేస్తున్నాడేమో. ఈసారి అర్థం కాని ప్రతి లైనుకీ అడుగుతాను. రోజుకొక్కటే చెప్పనీ, నేను కూర్చుంటాను.

వదిన కూడా తేలికపడింది. ఈ రోజు కూరలో ఉప్పెక్కువైందని అన్నయ్య కంచం జరిపేశాడని సంతోషంగా చెప్పింది.

జూన్ 28

వచ్చింది. నాకు కాదు, నలుగురికీ పంపాడు. చదవాల్సిన వాళ్ళ దగ్గర నా పేరు పెట్టాడు.

అది గూడుని తీసేసే మార్పు.

మొత్తం కాదు. రాసే భాగం అంతా తీసేశాడు. చదివే భాగం ఉంచాడు, గూడులో ఇప్పటికే వస్తువులున్న వాళ్ళు తెరిచి, వాటిని ఇంకో చోటికి తరలించుకోవడానికి. ఇకమీదట అందులో ఎవరూ కొత్తగా ఏదీ పెట్టుకోలేరు.

జూన్ 29, ఆదివారం

కిందికి వెళ్ళాను. వద్దన్నాను. నేను నేర్చుకుంటానన్నాను, గడ్డానికి కూడా నేర్పిస్తానన్నాను, ఒక్క ఏడాది ఆగమన్నాను. నీ సగం జీవితం అన్నయ్యా ఇది అన్నాను. ఏడ్చాను కూడా. ఈసారి మూడో లైను చూడమని అనలేదు.

వదిన పక్కనే ఉంది. అన్నయ్య చెయ్యి పట్టుకుంది, తొందరపెట్టలేదు. చాలాసేపటికి అన్నయ్య నోరు తెరిచాడు.

"లోపల... వాళ్ళ సామాను" అన్నాడు.

తెలుసన్నాను. అందుకే ఈసారి జాగ్రత్తగా ఉంటానన్నాను. తల అడ్డంగా ఊపాడు. తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు.

"నేను చెప్పలేను." తర్వాత ఆ వేలు నావైపు తిప్పాడు. "నువ్వు... అడగవు."

ఇకమీదట అడుగుతాను అనబోయాను. ఏప్రిల్లో కూడా అడగగలిగేదాన్నే కదా, మెట్లు దిగితే చాలు.

కోపం లేదు ఆ మొహంలో, అదే నన్ను ఎక్కువ చంపింది. ఎడమచెయ్యి చాపి నా తలమీద పెట్టాడు. మొట్టలేదు, ఊరికే ఉంచాడు.

"చదువు చిట్టీ" అన్నాడు.

జూలై 6

చదువుతున్నాను. ఆఫీసుకి సెలవు పెట్టాను. మనసులో ఒక వెధవ బుద్ధి, ఎక్కడైనా ఒక్క తప్పు దొరికితే బాగుండు, వెనక్కి పంపొచ్చు, ఇంకో నెల గడుస్తుంది అని.

అర్థం కానివి మూడు దొరికాయి. మూడుసార్లూ కిందికి దిగి అడిగాను. మొదటిదానికి తను బొమ్మ గీశాడు. రెండోదానికి చాలాసేపు వెతుక్కుని మాట దొరక్క తల దించేసుకున్నాడు. నేను కదలకుండా కూర్చున్నాను. తల ఎత్తాడు, మళ్ళీ వెతుక్కున్నాడు, చెప్పాడు. మూడోదానికి "వెధవా" అన్నాడు. నిజమే, అది నేను అడగాల్సింది కాదు, కళ్ళు పెట్టి చూస్తే తెలిసేదే.

మూడూ సరిగ్గానే ఉన్నాయి.

జూలై 10

మళ్ళీ మొదటి నుంచి చదివాను. వేల లైన్లు పోతున్నాయి, ప్రతిదాన్నీ పోయే ముందు చూశాను. అన్నయ్య నాకు తిప్పికొట్టిన చోట్లు ఉన్నాయి, నేను దిద్దుకుని పెట్టినవి ఉన్నాయి. నేను గుర్తుపట్టలేని ఒక మూల తను గుర్తుపెట్టుకుని తీశాడు. అక్కడ తీయకపోతే పాత డిస్కులు తెరిచేటప్పుడు ఆగిపోయేవి.

ఒక్క తప్పు కూడా లేదు. ఎడమచేత్తో, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాసినదాంట్లో, నేను ముట్టుకోవాల్సింది ఏమీ లేదు.

చదివాను, సరే అని పెట్టాను. మెట్ల దగ్గరికి వెళ్ళి పైనుంచే చెబుదామనుకుని, మానుకున్నాను. కిందికి దిగి, తన ఎదురుగా నిలబడి చెప్పాను. అన్నయ్య తల ఊపి, వదిన పెట్టిన దిండుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.